వద్దన్న బ్యాగులు

(చెన్నైలో తెలుగువాళ్ళు నడిపే చిన్న పరిశ్రమల సమావేశంలో ఒక బ్యాగుల తయారీదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండీ.

నన్ను పిలిచినప్పుడు 'వ్యాపారంలో ఎదురుదెబ్బలు' అనే విషయం మీద మాట్లాడమన్నారు. పాతికేళ్ళ పైగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి దెబ్బలకి కొదవ లేదు. అవన్నీ ఏకరువు పెట్టను. ఒక్క లాటు గురించే చెబుతాను. 1,400 బ్యాగుల లాటు. అది వద్దనిపించుకుని నా దగ్గరికి తిరిగొచ్చాక ఏమైందో చెబుతాను.

మాది సూళ్ళూరుపేట పక్కన పల్లె. పెళ్ళయి 1998లో ఈ ఊరొచ్చాను. చాకలిపేటలో ఒక అద్దె గదిలో రెండు మెషీన్లు పెట్టుకుని మా ఆయనా నేనూ స్కూలు బ్యాగులు కుట్టడం మొదలుపెట్టాం. ఇప్పుడు కొరుక్కుపేటలో 18 మెషీన్లు, ఒక కటింగ్ మాస్టరు, అందరూ కలిసి 22 మంది. మా టైలర్లలో సగం మంది తెలుగువాళ్ళు, సగం తమిళులు. పని మాత్రం అందరం కలగలిపిన భాషలో చేసుకుంటాం.

2022 జూన్‌లో ఒక పెద్ద కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. పేరు అక్కర్లేదు. వాళ్ళ ఉద్యోగులకి పంచడానికి లాప్‌టాప్ బ్యాగులు. 600 డెనియర్ (దారం దళసరికి కొలత అది) పాలిస్టర్ గుడ్డ, లోపల నీళ్ళు దిగకుండా పీయూ కోటింగ్, లాప్‌టాప్ పెట్టే అరకి రెండు వైపులా ఫోమ్, ముందు భాగం మీద కంపెనీ గుర్తు నీలం రంగులో ప్రింటు. శాంపిల్ ఓకే అయింది. 30 శాతం అడ్వాన్సు ఇచ్చారు. ఆగస్టు చివరి వారంలో సరుకు పంపేశాం. ఆ వారం మా యూనిట్‌లో అందరికీ బిర్యానీ పెట్టించాను.

23 రోజుల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. మూడు వాక్యాలు. ప్రింటు రంగు శాంపిల్‌తో కలవలేదు, లాటు మొత్తం రిజెక్ట్ చేశాం, వారంలోగా తీసుకెళ్ళండి. అంతే.

నేను ఇక్కడ నిజం చెప్పాలి. రంగులో తేడా ఉంది. ట్యూబ్‌లైటు కింద కనపడలేదు. శాంపిల్‌నీ బ్యాగునీ ఎండలో పక్కపక్కన పెడితే నా కంటికీ కనపడింది. ప్రింటింగ్ చేసిన అతను రెండు విడతలుగా ఇంకు కలిపాడు. రెండో విడతలో నీలం కాస్త చిక్కబడింది. అది 500 బ్యాగుల్లోనో 600 బ్యాగుల్లోనో ఉంది. వాళ్ళు 1,400 వద్దన్నారు. కూర్చుని మాట్లాడదాం అని నాలుగుసార్లు ఫోన్ చేశాను. రిసెప్షన్ దాటి వెళ్ళలేకపోయాను.

ఆ ఏడాది ఆయుధపూజ మీకు ఎలా గడిచిందో తెలీదు గానీ, మాకు ఎలా గడిచిందో చెబుతాను. మెషీన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి హారతి ఇస్తున్నాం. వెనక గోడకి పైకప్పు దాకా ఆ అట్టపెట్టెలు. గుడ్డ ఇచ్చిన వ్యాపారి ఫోన్ మోగుతోంది. జిప్పులవాడికి బాకీ. దీపావళి బోనస్ ఇవ్వాలి. నా గాజులు అప్పటికే కుదువలో ఉన్నాయి. హారతి పళ్ళెం పట్టుకున్నదాన్ని ఆ పెట్టెల వంక చూడలేకపోయాను.

కథ ఒక్క నిమిషం ఆపి మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. నాకు అప్పుడు తెలీక నష్టపోయాను, మీరు పోకూడదు. మనలాంటి చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈ చట్టంలో ఒక లెక్క ఉంది. సరుకు చేరిన 15 రోజుల్లోగా కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఆ సరుకుని ఒప్పుకున్నట్టే. డబ్బు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. వాళ్ళ మెయిల్ వచ్చింది 23వ రోజున. అంటే నాకు అడిగే హక్కు ఉంది. కానీ నేను భయపడిపోయి లారీ పెట్టి సరుకు వెనక్కి తెచ్చుకున్నాను, వాపసు కాగితం మీద సంతకమూ పెట్టేశాను. తర్వాత వకీలు దగ్గరికి వెళితే, అమ్మా, ఆ సంతకానికి ముందు వచ్చి ఉంటే బాగుండేది అన్నారు. మీ యూనిట్ రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉంచుకోండి, డెలివరీ చలాన్ మీద తేదీతో సంతకం తీసుకోండి. భయంలో దేని మీదా సంతకం పెట్టకండి. సరే.

షావుకారుపేటలో లాటు సరుకు కొనే వ్యాపారి ఒకాయన ఉన్నారు. బ్యాగుకి 70 రూపాయలు ఇస్తానన్నారు. నాకు పడిన ఖర్చులో పావు కూడా కాదు. అదీ కుదరలేదు. కంపెనీ గుర్తుతో ఉన్న సరుకు బయట అమ్మకూడదని ఆర్డరులో షరతు ఉంది. అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఆయన దగ్గర్నుంచి తిరిగి వస్తున్నాను. వాన. మన ఊళ్ళో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ఎలా పడుతుందో నేను చెప్పాలా? ఆటో వాల్ టాక్స్ రోడ్డులో ఆగిపోయింది.

ఆ రోడ్డు పేరు ఎప్పుడైనా ఆలోచించారా? ఊరి చుట్టూ కట్టిన గోడ ఖర్చుకి జనం మీద పన్ను వేద్దామనుకున్నారట ఇంగ్లీషువాళ్ళు. వసూలు కాలేదంటారు, పేరు మిగిలింది. గోడ పేరు మోస్తున్న ఆ రోడ్డు మీద ఒక ప్లాస్టిక్ పట్టా కింద ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఒక ఆడమనిషి, ముసలామె, ఇద్దరు పిల్లలు. పట్టా ఒక అంచు ఆ ఆడమనిషి చేత్తో ఎత్తి పట్టుకుంది, నీళ్ళు లోపలికి రాకుండా. ఆటో అక్కడ ఉన్నంతసేపూ ఆ చెయ్యి దించలేదు. చిన్నపిల్లతో ఏదో అంటోంది. తెలుగులో అంటోంది.

ఇల్లు చేరేదాకా నాకు ఆ చెయ్యే కనిపించింది. నా షెడ్డులో 1,400 బ్యాగులు పొడిగా, అట్టపెట్టెల్లో, టేపు వేసి ఉన్నాయి.

మర్నాడు 40 బ్యాగులు తీయించాను. గుర్తు కనపడకుండా పైన నల్ల గుడ్డ అతికించి కుట్టించాను. రాత్రి తొమ్మిదింటికి మా టైలర్లు ఇద్దర్ని తీసుకుని వెళ్ళాను. వరసగా ప్లాట్‌ఫారం, అదే ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్ళందరికీ ఇచ్చాం. ఒక్కో బ్యాగులో బ్రెడ్డు ప్యాకెట్టు, దుప్పటి. ఫోటోలు తీశారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. నెల రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నాలుగు రోజులకి మా కటింగ్ మాస్టరు వచ్చి, అమ్మా, మన బ్యాగులు పాత సామాన్ల బజారులో వంద రూపాయలకి అమ్ముతున్నారు అన్నాడు. వెళ్ళి చూశాను. నా నల్ల గుడ్డ, నా కుట్టు. ఏడు బ్యాగులు తాడుకి వేలాడదీసి ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. కంపెనీ వద్దంది, సరే, వాళ్ళు పెద్దవాళ్ళు. వీళ్ళకి ఉచితంగా ఇస్తే వీళ్ళూ వద్దన్నారా అనుకున్నాను. తిన్నగా వాల్ టాక్స్ రోడ్డుకి వెళ్ళాను. పట్టా పట్టుకున్న ఆడమనిషి అక్కడే ఉంది. బ్యాగు ఏదమ్మా అని అడిగాను. నా గొంతు ఎలా ఉందో నాకు గుర్తుంది, తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆవిడ తడబడలేదు. "అమ్మేసినా అక్కా. కొత్త బ్యాగు తలకాడ పెట్టుకుంటే రేత్రి నిద్ర పడతాదా? లోపల ఏందో ఉందనుకుంటారు. లాగేస్తారు. వద్దంటే కొడతారు. పిల్లకి జొరం, మందులకి అయింది" అంది. కాసేపాగి, "నువ్వు ఇచ్చేటప్పుడు అడగలే గదా, ఏం కావాలని" అంది.

అడగలేదు. నిజమే. నా షెడ్డులో ఏది మిగిలిపోయిందో అది ఇచ్చాను.

అప్పుడు అక్కడే కూర్చున్నాను. ఏం కావాలమ్మా అని అడిగాను. అన్నం గురించి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. ఈ ఊళ్ళో 2013 నుంచి కార్పొరేషన్ నడిపే అమ్మ క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకి సాంబారన్నం దొరుకుతున్నాయి. ఆవిడ కూలికి పోతుంది, పూలు కడుతుంది, ఎలాగో ఆ పూటకి తింటారు. ఆవిడ చెప్పింది కాయితాల గురించి. నడుం దగ్గర దోపుకున్న ఒక పాలిథీన్ కవరు తీసింది. అందులో పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, భర్త చనిపోయినప్పటి ఆస్పత్రి కాగితం, స్కూలు వాళ్ళిచ్చిన చీటీ, ఆధార్ కార్డు జిరాక్సు. తడిసి, ఎండి, మళ్ళీ తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక సర్టిఫికెట్ మీద పిల్ల పేరు సగం చెరిగిపోయింది. "ఇవి పోతే మళ్ళా ఎవురి దగ్గిరికి పోయేది అక్కా" అంది.

అంతకుముందు నేను దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మనకి బీరువా ఉంటుంది, అందులో ఒక ఫైలు ఉంటుంది. ఆధార్ పోతే డౌన్‌లోడ్ చేసుకుంటాం. ఇల్లు లేని మనిషికి ఆ ఫైలు ఒంటి మీదే ఉండాలి. నిద్రలో ఒకరు లాగేస్తారు, వానలో తడుస్తుంది, ప్లాట్‌ఫారం ఖాళీ చేయించినప్పుడు చాప, గిన్నెలతోపాటు చెత్తబండిలోకి పోతుంది. రేషన్ కార్డుకి అడ్రసు అడుగుతారు, బడిలో చేర్చడానికి సర్టిఫికెట్ అడుగుతారు, ఆస్పత్రి పథకానికి కార్డు అడుగుతారు. ప్రతి ఆఫీసు కిటికీ దగ్గరా ఒక కాగితం కోసం ఇంకో కాగితం. తడిసి ముద్దయిన కాగితం చూపిస్తే చెల్లదు, వెళ్ళు అంటారు. మెయిల్ కూడా పెట్టరు.

అలా చూస్తే, ఆ ఏడాది నాకు ఒక లాటు వెనక్కి వచ్చింది. ఆవిడని ప్రతి వారం ఏదో ఒక కిటికీ వెనక్కి పంపిస్తోంది.

ఇంటికొచ్చి మా కటింగ్ మాస్టరుతో కూర్చున్నాను. ముందు ఆ కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ గుర్తు ఉన్న ముందు భాగం కోసి పారేస్తాం, మిగిలిన గుడ్డతో ఇల్లు లేనివాళ్ళకి పనికొచ్చేవి కుట్టి ఇస్తాం, అనుమతి ఇవ్వండి అని. గుర్తు ఎక్కడా కనపడకపోతే మాకు అభ్యంతరం లేదని జవాబు వచ్చింది. అందుకు వాళ్ళకి కృతజ్ఞత చెప్పుకోవాలి, చెబుతున్నాను.

గుడ్డ మంచిది. లోపల పీయూ కోటింగ్ ఉంది కాబట్టి నీళ్ళు దిగవు. దానితో నడుముకి కట్టుకునే చిన్న సంచి, మనం పౌచ్ అంటామే, అది కుట్టి ఆవిడకి చూపిద్దాం అనుకున్నాం.

మొదటి శాంపిల్ తీసుకెళ్ళాను. వెల్‌క్రో పెట్టాం, తెరవడం సులువని. ఆవిడ రెండుసార్లు తెరిచి మూసింది. "వద్దక్కా. చర్రుమంటాంది. రేత్రి తెరిస్తే పక్కనోళ్ళకి తెలిసిపోతాది డబ్బులు యాడ పెట్టుకున్నానో" అంది. వెనక్కి తెచ్చాను. రెండో శాంపిల్‌కి జిప్పు పెట్టాం, వెనక ప్లాస్టిక్ బకెల్. ఒక రాత్రి కట్టుకుని పడుకుంది. పక్కకి తిరిగితే బకెల్ నడుంలో గుచ్చుకుంటోంది అంది. అదీ వద్దంది. మూడోది నాడాతో కట్టుకునేలా చేశాం. బాగానే ఉంది గానీ, అంచుకి మేం వేసిన పసుపు పైపింగ్ వద్దంది, చీర కింద నుంచి కనపడుతోందని. నాలుగోది నల్లటి నాడా, నల్లటి పైపింగ్, జిప్పు మీద గుడ్డ రెప్ప ఒకటి, వాన నీళ్ళు జిప్పులోంచి దిగకుండా. ఏ4 కాగితాన్ని నాలుగు మడతలు పెడితే సరిగ్గా పట్టే కొలత. అది తీసుకుంది. కట్టుకుని, చీర సర్దుకుని, లేచి నాలుగడుగులు వేసి చూసుకుంది.

నా జీవితంలో ఏ కొనుగోలుదారూ నా సరుకుని అంత శ్రద్ధగా వద్దనలేదండీ. మూడుసార్లు వద్దంది, మూడుసార్లూ ఎందుకో చెప్పింది. ఏం మారిస్తే పనికొస్తుందో చెప్పింది. నాకు ఆ కంపెనీ మీద ఉన్న కోపంలో అసలు బాధ ఏమిటో అప్పుడు అర్థమైంది. వద్దన్నందుకు కాదు, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వద్దన్నందుకు. నేను మొదటి 40 బ్యాగులు పంచిన రాత్రి సరిగ్గా అదే పని తిరగేసి చేశాను. ఒక్క మాట మాట్లాడకుండా ఇచ్చాను. దానం తీసుకునేవాళ్ళకి వద్దనే వీలు లేకుండా చేశాను. ఏం కావాలో అడిగి ఇస్తే తప్ప దాన్ని దయ అనకూడదని నాకు ఆవిడ దగ్గర తెలిసింది. శాంపిల్ చూసి చెప్పినందుకు నాలుగు రోజుల కూలి లెక్కగట్టి ఇచ్చాను. తీసుకుంది. మా రిజిస్టర్‌లో 'శాంపిల్ చెకింగ్' అని రాశాం.

ఇక ఫోమ్. ఒక్కో బ్యాగులో రెండు ముక్కలు. పారేయడానికి మనసొప్పలేదు. ఆరు బ్యాగుల ఫోమ్ కలిపి కుడితే ఒక మనిషి పడుకునే పరుపు అవుతుంది. దాని మీద అదే గుడ్డ, కోటింగ్ వైపు నేలకి. నేల చెమ్మ పైకి రాదు. ముసలామె దాని మీద కూర్చుని, తెల్లారేసరికి కార్పొరేషన్ వాళ్ళు ఊడవడానికి వస్తారు, ఇది ఎక్కడ పెట్టుకునేది అని అడిగింది. అప్పుడు మా టైలర్ ఒకతను, 24 ఏళ్ళ కుర్రాడు, ఆ బ్యాగుల భుజం పట్టీలు మిగిలాయి కదా, పరుపు చుట్టి వీపుకి తగిలించుకునేలా రెండు పట్టీలు కుట్టేస్తే సరి అన్నాడు. ఎంత మంచి ఆలోచనో చూడండి. లాప్‌టాప్ మోయాల్సిన పట్టీలు. ఇప్పుడు ఆ వీధిలో పొద్దున్నే పరుపు చుట్టి వీపున తగిలించుకుని పనికి పోయేవాళ్ళు కనపడతారు.

ఖర్చు గురించి ఎవరూ అడగరు గానీ, మనం వ్యాపారస్తులం, చెప్పుకోవాలి. టైలర్లకి ఈ పనికి పూర్తి కూలి ఇచ్చాను. ఉచితంగా కుడతాం అమ్మా అని కొందరు ముందుకొచ్చారు, వద్దన్నాను. దయ పేరు నాకు, చాకిరీ వాళ్ళకి అంటే కుదరదు. వాళ్ళకీ అద్దెలున్నాయి. రెండోది జీఎస్టీ. ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చే మినహాయింపు, తీసుకోకూడదు, తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. మా ఆడిటర్ గారు చెప్పేదాకా నాకు తెలీదు. ఇచ్చేవాళ్ళెవరైనా ముందే లెక్క చూసుకోండి. ఒకేసారి చేయలేదు కూడా. గిరాకీ తక్కువున్న రోజుల్లో, రోజుకి రెండు మెషీన్లు దీనికి వదిలాను. మిగిలిన బ్యాగులన్నీ విప్పి కుట్టేసరికి ఏడాదిన్నర పట్టింది. గుడ్డ వ్యాపారి బాకీ తీరడానికి రెండేళ్ళు పట్టింది. గాజులు ఇంకా రెండు రాలేదు.

అందరూ తీసుకున్నారని చెబితే అబద్ధం. సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒకాయన పౌచ్‌ని నా మీదకే విసిరేశాడు. తనలో తను మాట్లాడుకుంటున్నాడు, ఒళ్ళంతా పుండ్లు. అది నా పౌచ్‌తో తీరే విషయం కాదు. మనలో చాలామంది అలాంటి మనిషిని చూసి అవతలి పక్క నుంచి నడిచిపోతాం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మతి స్థిమితం లేక తిరుగుతున్నవాళ్ళని రక్షణలోకి తీసుకోవడం ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్ బాధ్యత. 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. ఈ ఊళ్ళో 1794 నుంచి ఉన్న కీల్పాక్కం మానసిక ఆస్పత్రి ఉంది. ఇల్లు లేని ఆడవాళ్ళ కోసం 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ మొదలుపెట్టిన ది బాన్యన్ అనే సంస్థ ఉంది. మనం చేయాల్సింది ఆగి ఒక ఫోన్ చేయడం. నేను ఆ రోజు చేశాను. అంతకుముందు ఎన్నిసార్లు చేయలేదో లెక్క లేదు.

ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. పెద్ద ఊళ్ళలో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, అది ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలి అని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్ర పథకం నియమాల్లో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కొలత కూడా రాశారు. కార్పొరేషన్ స్వచ్ఛంద సంస్థలతో కలిసి నడిపే షెల్టర్లు నేను నాలుగు చూశాను. ఒంటరి ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి, ఆస్పత్రికి వచ్చినవాళ్ళ తోడువాళ్ళకి మంచి ఆసరా. మరి ఈవిడ ఎందుకు వెళ్ళలేదు? ఆడవాళ్ళ షెల్టర్ ఒక చోట, కాస్త పెరిగిన మగపిల్లలది ఇంకో చోట. ఆవిడ కొడుక్కి పదమూడేళ్ళు. వాణ్ని విడిచి ఆవిడ వెళ్ళదు. పైగా పూలు కట్టే పని ఆ వీధిలోనే, తెల్లవారుజామున మూడింటికి. షెల్టర్ నుంచి అక్కడికి ఆ వేళకి బస్సు లేదు. బయటినుంచి చూసి 'వెళ్ళమంటే వెళ్ళరు' అనేస్తాం. నేనూ అన్నదాన్నే.

2011 జనగణనలో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. ఆ రాత్రి లెక్కపెట్టేవాళ్ళ కంట పడనివాళ్ళు ఆ అంకెలో లేరు.

మన పెద్దల మాట ఒకటి చెప్పాలని ఉంది. రాయపురంలో స్టాన్లీ ఆస్పత్రి దగ్గర మణేగార్ సత్రం ఉంది. 1782 నాటి కరువులో గంజి పోయడానికి మొదలైంది. ఆ ఆస్పత్రికి మూలం అదే. దాని దగ్గర్లోనే వెంకటగిరి రాజా వారి సత్రం. వెంకటగిరి ఎక్కడిది? మాకు దగ్గరూరు. అంటే తెలుగువాడు చెన్నపట్నంలో దిక్కులేనివాళ్ళ కోసం కట్టించిన చోటు అది. కోనసీమలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ తలుపు తట్టినా వండి పెట్టారని మనం గొప్పగా చెప్పుకుంటాం. 'సత్రం భోజనం, మఠం నిద్ర' అనే మాటని మనం ఇవాళ తేలిగ్గా, ఒక తిట్టులాగా వాడతాం. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇల్లు లేని మనిషికి ఆ రెండూ దొరికేవి. వాటిని కట్టించింది మనలాంటి వర్తకులు, జమీందారులు. నా షెడ్డు సత్రం కాదు. కానీ రోజుకి రెండు మెషీన్లు వదలడం నాకు చేతనయింది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. పౌచ్‌లు ఇవ్వడం మొదలయ్యాక, అందులో పెట్టుకోవడానికి కాగితాలే లేనివాళ్ళు వచ్చారు. అప్పుడు మా ఆడిటర్ గారి అబ్బాయి ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. అడ్రసు రుజువు లేనివాళ్ళకి పరిచయకర్త ద్వారా ఆధార్ నమోదు చేయించుకునే వీలుందని కనుక్కున్నాడు. ఓటు సంగతి విని నాకైతే ఒళ్ళు జలదరించింది. ఇల్లు లేని మనిషి ఓటు కోసం అర్జీ పెడితే అడ్రసు రుజువు అడగకూడదు. అర్జీలో రాసిన చోటుకి బూత్ లెవెల్ ఆఫీసర్ రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడా అని చూడాలి. ఒక్క రాత్రి కాదు, ఒకటికి మించి. ఎన్నికల సంఘం రాసిపెట్టిన పద్ధతి అది. ప్లాట్‌ఫారం మీద పడుకుంటున్నావా అని లేపి తరిమే దేశంలో, ఇక్కడే పడుకుంటున్నావు కదా, అయితే నీకు ఓటుంది అని చెప్పడానికి రాత్రి ఒక ఉద్యోగి రావాలని ఎవరో కూర్చుని రాశారు. వాళ్ళెవరో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. నీళ్ళు ఎలా నిలిచాయో మీకు తెలుసు, మా షెడ్డులోకి మోకాలి లోతు వచ్చాయి, మూడు మెషీన్ల మోటార్లు పోయాయి. ఆ కుటుంబం ఒక బడిలో తలదాచుకుంది. నీళ్ళు తగ్గాక ఆవిడ మా యూనిట్ వెతుక్కుంటూ వచ్చి, పౌచ్ తెరిచి కాగితాలు నా టేబుల్ మీద ఒక్కొక్కటీ పరిచింది. పుట్టిన సర్టిఫికెట్లు కొత్తవి తీయించుకుంది. పొడిగా ఉన్నాయి. తర్వాత మాతోపాటు నిలబడి బురద ఎత్తింది. ఆ పనికి కూలి ఇవ్వబోతే మాత్రం తీసుకోలేదు.

2024 ఏప్రిల్ 19న పోలింగు. ఆవిడ జీవితంలో మొదటి ఓటు వేసి, వేలు చూపించడానికి కొరుక్కుపేట దాకా నడిచి వచ్చింది.

ఆవిడే ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చింది. పౌచ్ జిప్పు రన్నర్ ఊడిపోయింది. టేబుల్ మీద పెట్టి, "ఏందక్కా, రెండేండ్లకే పోయింది. జిప్పు మంచిది వెయ్యరాదా" అంది. ఆవిడ అన్నది సబబే. మేం వేసింది ఐదో నంబరు జిప్పు, ఖర్చు తక్కువని మామూలు రకం వేశాం. రోజుకి పదిసార్లు తెరిచే సంచికి అది ఆగదు. ఇదిగో, ఆ పౌచ్ నాతోనే ఉంది. పొద్దునే ప్యారీస్ కార్నర్ బజారులో మంచి జిప్పు కొని, మధ్యాహ్నం వేయించాను. మిగిలినవాళ్ళవీ పిలిచి మార్చాలి, అది వచ్చే వారం పని.

ఆవిడ కాగితాలన్నీ ఇవాళ పొద్దున్నుంచీ పాలిథీన్ కవరులో ఉన్నాయి. బయట మబ్బు పట్టింది. చీకటి పడకముందు ఇది ఆవిడకి ఇచ్చేస్తానని మాటిచ్చాను. నేను బయలుదేరాలి. ఏవైనా అడగాలంటే మెట్ల దగ్గర దాకా నడుస్తూ మాట్లాడుకుందాం, రండి.